ఫోను మీది, ఖాతా ఎవరిది?

మైలవరం ప్రాంతములో రైతు సేవా కేంద్రములకు వచ్చు రైతులు విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, పత్తిలో గులాబిరంగు పురుగును గూర్చి అడుగుట పరిపాటి. ఇటీవల వీటి సరసన మరియొక ప్రశ్న వచ్చి చేరినది. “ఏ.ఓ. గారూ, ఫోను తెరిచే గీత మరచిపోయానండి. కొట్లో ఇస్తే అంతా తుడిచేసి ఇచ్చారు. ఇప్పుడది ముందున్న ఖాతా చెప్పమంటోంది. ఆ ఖాతా ఏదో నాకేం తెలుసండీ?” అని అడిగినవారు ఒకరిద్దరు కారు.

వ్యవసాయశాఖవారికి ఫోనుల జోలి ఏల యని కొందరనుకొనవచ్చును. ఫోను బాగుచేయుట మా విద్య కాదు, నిజమే. అయితే ఫోను మూతపడినచో సేద్యములో ఏ పని ఆగునో మాకు తెలిసినంతగా ఫోను కొట్టువారికి తెలియదు. పి.ఎం. కిసాను పథకము క్రింద ఏటా 6,000 రూపాయలు మూడు వాయిదాలలో పొందు రైతు ఇ-కె.వై.సి. చేయించుకొనునప్పుడు వచ్చు ఓటీపీ సంఖ్య ఫోనునకే వచ్చును. ఖాతాలో సొమ్ము జమపడిన కబురును, ఈ-పంట నమోదు కబురును ఫోనునకే వచ్చును. వరి ఆకు ఎర్రబడినదని ఫొటో తీసి మాకు పంపునదియు ఫోనుతోనే. ఇక మామిడి రైతు సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిలు, మే నెలలలో కోత నడుమ ఫోను మూతపడినచో నున్న మార్కెట్టులోని వ్యాపారి నంబరు, లారీవాని నంబరు, కోత కూలీల మేస్త్రి నంబరు అన్నియు ఒక్కసారిగా పోవును. చెట్టు దిగిన కాయ ఆ నంబర్లు దొరకుదాక ఆగదు.

గ్రామోద్యోగులకు ఈ చిక్కు వెంటనే బోధపడు రీతిలో చెప్పవలెనన్న, పొలము స్వాధీనములో నుండుట వేరు, పట్టా తన పేర నుండుట వేరు. రైతు సొమ్మిచ్చి ఫోను కొన్నాడు, జేబులో పెట్టుకొన్నాడు, నాలుగేండ్లు వాడినాడు. స్వాధీనమునకు లోటు లేదు. కాని మొదటి దినమున కొట్టులోని కుర్రవాడో, సెలవులకు వచ్చిన మేనల్లుడో ఏదో ఒక పేరుతో గూగుల్ ఖాతా తెరచి ఆ ఫోనులో పెట్టిపోయినాడు. ఫోను దృష్టిలో పట్టాదారు ఆ ఖాతాయే. రోజులు సజావుగా నడచినంతకాలము పట్టా ఎవరూ అడుగరు; రీసెట్టు చేసిన నాడు అడుగును.

రీసెట్టు అనగా నేమి?

ఫోనును కర్మాగారమునుండి వచ్చిన నాటి స్థితికి మరల తెచ్చుటను ఫ్యాక్టరీ రీసెట్టు అందురు. అందులోని ఫొటోలు, నంబర్లు, వాట్సాప్ సంభాషణలు, మీరు ఎక్కించుకొన్న యాప్‌లు సమస్తము చెరిగిపోవును. మనవారిలో పెక్కుమంది రీసెట్టు చేసినచో తాళపు గీత మాత్రమే పోయి తక్కినది నిలుచునని భ్రమపడుచున్నారు. అట్లు కాదు. గీతయు పోవును, గీత వెనుక నున్నదియు పోవును. పట్టాదారు పాసుపుస్తకమునకు ఫొటో తీసి ఫోనులో దాచుకొన్నవారు, అప్పు పత్రము ఫొటో ఉన్నవారు, వానకు పడిపోయిన పైరు ఫొటోలు ఉన్నవారు ఈ మాట ముందుగా మనసున పెట్టుకొనవలెను.

రీసెట్టు చేయుటకు రెండు దారులు కలవు. ఫోను తెరచి, సెట్టింగులలోనికి పోయి, పిన్ను సంఖ్య ఇచ్చి చేయునది మొదటిది. ఈ దారిన పోయినచో చేయుచున్నవాడు యజమానియే యని ఫోను నమ్మి, పాత ఖాతాను విడిచివేయును. తరువాత చిక్కు రాదు. రెండవది దొడ్డిదారి. ఫోను ఆపివేసి, పక్కనున్న పవరు మీటను, శబ్దపు మీటను కలిపి నొక్కిపట్టి చేయునది. గీత మరచినవారికి కొట్టులో చేయునది ఇదియే. ఈ దారిన పోయినచో ఫోను మరల వెలిగి, భాష అడిగి, వైఫై అడిగి, పిదప ఇంతకుముందు ఈ పరికరములో నున్న గూగుల్ ఖాతాతో ప్రవేశింపుమని అడిగి నిలిచిపోవును. కొన్ని ఫోనులు ఖాతాకు బదులు పాత పిన్నునో గీతనో ఇచ్చినను ఒప్పుకొనును. కాని అది గుర్తున్నచో ఇంతవరకు రావలసిన పనియే లేదు.

అంతయు చెరిగిపోగా పాత ఖాతా సంగతి ఫోనునకు ఎట్లు తెలిసినది? చేను ఎంత లోతుగా దున్నినను గట్టున పాతిన సర్వే రాయి కదలదు కదా. అట్లే ఫోను జ్ఞాపకములో ఒక చిన్న భాగము రీసెట్టుకు అందకుండ ప్రత్యేకముగా ఏర్పాటు చేయబడియున్నది. పాత ఖాతా గుర్తు అందులో నుండును. గూగుల్ ఖాతా పెట్టి, తెరకు పిన్నునో గీతనో పెట్టుకొన్న వెంటనే ఈ కాపలా తనంతట తానే మొదలగును. ఎవరి అనుమతియు అడుగదు. అందువలననే రైతునకు ఇట్టి తాళమొకటి తన ఫోనులో ఉన్నదని చిక్కు వచ్చుదాక తెలియకున్నది.

ఈ కాపలా ఎందుకు వచ్చినది?

దొంగల బాధవలన. పూర్వము దొంగిలించిన ఫోనును రీసెట్టు చేసినచో క్రొత్తదానివలె అమ్ముడుపోయెడిది. అమెరికా నగరములలో వీధులలో ఫోనులు లాగుకొనుట మితిమీరగా, ఆపిల్ కంపెనీవారు 2013 సెప్టెంబరులో తమ ఐఫోనులకు ఇట్టి తాళము నేర్పరచిరి. 2014లో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రములు ఫోనులలో దొంగతనమును నివారించు ఏర్పాటు ఉండవలెనని చట్టములు చేసినవి. గూగుల్‌వారు 2015లో ఆండ్రాయిడ్ 5.1తో దీనిని ప్రవేశపెట్టిరి. మన గ్రామములలో వాడుకలోనున్న స్మార్టుఫోనులలో అత్యధికము ఆండ్రాయిడ్ ఫోనులే గనుక ఈ తాళము మన జేబులలోనికి వచ్చినది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో దీనిని మరింత బిగించిరి. పాత ఫోనులలో ఏదో సందు చూచి లోపలికి దూరగలిగిన మెకానిక్కులకు క్రొత్త ఫోనులలో ఆ సందులు మూసుకొనిపోవుచున్నవి.

కావున ఈ తాళమును తిట్టుకొనుట న్యాయము కాదు. బస్సులో పోయిన మీ ఫోను దొంగకు పనికిరాకుండ చేయునది ఇదియే. తాళము మంచిదే, తాళపుచెవి ఎవరివద్ద నున్నదో మనకు తెలియకపోవుటయే చెడ్డది.

మనవారు చిక్కుకొను తీరు

గీత మరచుట ఒక్కటియే కారణము కాదు. ఇంట పిల్లలు ఆటలకై ఫోను తీసికొని క్రొత్త గీత పెట్టి, ఏమి పెట్టిరో వారే మరచుట తరచు జరుగుచున్నది. ఫోను నెమ్మదిగా నడచుచున్నదని, లోపల చోటు నిండినదని కొట్టులో ఇచ్చినచో వారు మొట్టమొదట చేయు వైద్యము రీసెట్టే. నీట తడిసిన ఫోనుల సంగతియు నిట్టిదే. మన మైలవరం కొండలలో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి దినములలో పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని సింగునగర్ ప్రాంతము రోజుల తరబడి నీట నుండుట పాఠకులు మరువలేదు. అట్టి సమయమున తడిసిన ఫోనును ఆరబెట్టి, మరమ్మతు చేయించి, రీసెట్టు చేసి ఇచ్చినను ఖాతా తెలియనివారికి ఆ మరమ్మతు ఖర్చు దండుగయే. పంటనష్టపు ఫొటోలు కావలసిన వేళ అవి ఆ తాళము వెనుక కూడ మిగులవు.

తండ్రి చనిపోయిన పిదప కుమారుడు ఆయన ఫోను తెరువలేక కొట్టుకు తీసికొనిపోవుట మరియొక సందర్భము. లోపల కౌలు లెక్కలున్నవి, ఎవరికెంత ఈయవలెనో ఉన్నది, ఆయన గొంతుతో పంపిన మాటలున్నవి. కొట్టులో రెండు నిమిషములలో రీసెట్టు చేసిరి. లెక్కలును పోయినవి, గొంతును పోయినది, ఫోనును తెరచుకొనలేదు. ఇట్టిచోట రీసెట్టు చేయకుండ ఫోనును అట్లే ఉంచి, ముందు ఆ ఖాతా సంగతి విచారించుట మేలు. ఖాతాలో భద్రమైయున్న ఫొటోలును నంబర్లును ఫోనుతో పనిలేకుండ వేరొక చోటనుండి చూడవచ్చును.

ఇప్పటికే చిక్కుకొన్నవారు చేయవలసినది

మొదటి పని, సిమ్ము కార్డు బయటికి తీయుట. తాళము పడినది ఫోనునకేగాని మీ నంబరునకు కాదు. ఈ సంగతి తెలియక వారముల తరబడి బ్యాంకు కబురులు లేకుండ తిరుగువారున్నారు. ఇంట మూలనున్న మీటల ఫోనులో ఆ సిమ్ము వేసినచో ఓటీపీలు, బ్యాంకు కబురులు యథాప్రకారము వచ్చును. నేటి సిమ్ము చిన్నది, పాత ఫోను గూడు పెద్దది. అందుకు పనికివచ్చు ప్లాస్టిక్కు చట్రము ఫోను కొట్లలో దొరకును. నంబరు మారలేదు గనుక ఆధారులో గాని బ్యాంకులో గాని మార్పు చేయించుకొను పని లేదు. ఓటీపీతో కుదరనివారు పి.ఎం. కిసాను ఇ-కె.వై.సి.ని వేలిముద్రతో కూడ చేయించుకొనవచ్చును.

రెండవ పని, ఖాతా పేరు కనుగొనుట. ఇంటివారి ఫోనులో గూగుల్ ప్రవేశపు పుటను తెరచి, ఈమెయిలు మరచితిమను చోట నొక్కినచో మీ ఫోను నంబరును, ఖాతాలోని పేరును అడుగును. ఖాతా తెరచిన నాడు మీ నంబరు అందులో నమోదైయున్నచో సిమ్మునకు ఒక సంఖ్య వచ్చును. దాని నిచ్చినచో ఖాతా పేరు తెలియును. ఇక్కడ ఒక చమత్కారము. పేరు మీ అసలు పేరు కాకపోవచ్చును. తొందరలో ఖాతా తెరచినవారు రైతు పేరునకు బదులు ఇంటిపేరు మాత్రమే వేయుట, ఊరి పేరు వేయుట, తమ పేరే వేయుట కూడ ఉన్నది. కావున నాడు ఎవరు పెట్టిరో జ్ఞాపకము చేసికొని వారినే అడుగుట దగ్గర దారి. ఆ మేనల్లుడు హైదరాబాదులో నున్నను ఒక ఫోను పిలుపు దూరమే.

పేరు తెలిసి పాస్‌వర్డు తెలియనిచో అక్కడనే పునరుద్ధరణ కోరవచ్చును. ఈ పనిని విజయవాడ పోయి ఎవరి యంత్రముమీదనో చేయుటకంటె ఇంట, ఇంతకుముందు ఆ ఖాతా వాడిన మరియొక ఫోను ఉన్నచో దానిపై చేయుట మంచిది. అలవాటైన చోటును, అలవాటైన పరికరమును చూచి గూగుల్‌వారు యజమానిని గుర్తింతురు. పాస్‌వర్డు క్రొత్తగా మార్చినవారు 24 గంటలు గడచిన పిదపనే రీసెట్టు చేయవలెనని వారి సూచన. ఇదివరకే రీసెట్టైన ఫోనులో క్రొత్త పాస్‌వర్డు వెంటనే చెల్లనిచో కంగారుపడక ఒక దినమాగి మరల చూడవలెను.

ఇవేవియు ఫలింపనిచో మిగిలిన దారి ఫోను తయారుచేసిన కంపెనీవారి అధికృత సేవా కేంద్రము. మీ పేర నున్న కొనుగోలు బిల్లును, ఫోను వచ్చిన పెట్టెను, గుర్తింపు కార్డును తీసికొనిపోవలెను. పెట్టెమీద 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండును; అది ఫోనునకు ఇంజను నంబరు వంటిది. బిల్లులోని సంఖ్యయు ఫోనులోని సంఖ్యయు సరిపోయినచో కొన్ని కంపెనీలవారు పరిశీలించి సహాయపడుదురు. బిల్లు లేనివారికి ఈ దారియు మూతయే. ట్రాక్టరు బిల్లు దాచుకొను రైతు పదిహేను వేల ఫోను బిల్లును పారవేయుట నాకెప్పుడును వింతగనే తోచును.

చేయరానివి కూడ కొన్ని కలవు. కంపెనీ సహాయపు నంబరుకై ఇంటర్నెట్టులో వెదకినచో మోసగాండ్ర నంబర్లు కూడ కనబడుచుండును. వారు తీయగా మాటలాడి, ఇంకొక ఫోనులో ఏదో యాప్ ఎక్కించుమని, ఓటీపీ చెప్పుమని, పది రూపాయలు పంపుమని అడుగుదురు. పది రూపాయలతో మొదలై ఖాతా ఖాళీ యగును. అట్లు సొమ్ము పోయినచో ఆలోచించుచు కూర్చుండక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను; ఎంత త్వరగా తెలిపిన అంతగా సొమ్మును నడుమ నిలుపగల అవకాశమున్నది. తాళము విరిచి ఇత్తుమను కొట్టువారి చేతికి కూడ ఫోనును తొందరపడి ఈయరాదు. వారు ఎక్కించు సాధనములలో ఏమున్నదో మనకు తెలియదు, ఆ ఫోనులోనే రేపు మన బ్యాంకు యాప్ పెట్టవలెను. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను మార్చుట 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము క్రింద మూడేండ్ల జైలు శిక్షకును, 50 లక్షల రూపాయల వరకు జరిమానాకును లోనగు నేరము.

ముందుగా చేసికొనదగినవి

నేడే, ఈ వ్యాసము చదివిన వెంటనే, ఫోనులో సెట్టింగులు తెరచి ఖాతాలను చోట చూడుడు. అక్కడ కనబడు ఈమెయిలు చిరునామాను కాగితముపై వ్రాసి పట్టాదారు పాసుపుస్తకములో పెట్టుడు. ఆ చిరునామా మీకు తెలియనిదైనచో మీ ఫోను పట్టా ఇతరుల పేర నున్నదన్నమాట. అప్పుడు మీ పేర, మీ నంబరుతో క్రొత్త ఖాతా తెరచి, నంబర్లును ఫొటోలును దానికి చేర్చుకొని, పాతదానిని తీసివేయవలెను. పిన్నును మాత్రము ఆ కాగితముమీద గాని ఫోను వెనుక అట్టమీద గాని వ్రాయరాదు. ఏ.టి.ఎం. కార్డు వెనుక రహస్య సంఖ్య వ్రాసికొను అలవాటున్న పెద్దలు ఇక్కడనైనను దానిని మానవలెను.

ఖాతా పునరుద్ధరణకై మీ నంబరుతోపాటు ఇంటిలో నమ్మకమైనవారి ఈమెయిలు కూడ చేర్చుకొనుడు. రెండు మెట్ల రక్షణ పెట్టుకొన్నవారికి గూగుల్‌వారు ఒక్కొక్కటి ఒక్కసారికి పనికివచ్చు పది సంకేత సంఖ్యలు ఇత్తురు. సిమ్ము చేతలేనప్పుడు ఇవి అక్కరకు వచ్చును. ఖాతాలో నమోదైన సిమ్మును రీచార్జి లేక వదలివేయుట ప్రమాదకరము. రద్దయిన నంబరును 90 దినములు గడచిన పిదప వేరొకరికి ఇచ్చు ఏర్పాటున్నది. అప్పుడు మీ తాళపుచెవి ఎవరో ఊరుపేరు తెలియనివారి ఫోనునకు పోవును. రెండేండ్లు ఎందునను వాడని ఖాతాను గూగుల్‌వారు తొలగింపవచ్చునను నియమము కూడ 2023 డిసెంబరునుండి అమలులోనికి వచ్చినది.

ఇక రీసెట్టు తప్పనిసరియైనచో ఒక్క నియమము పాటించిన చాలును. ముందు ఆ ఖాతాతో వేరొక ఫోనులో ప్రవేశించి చూడవలెను. అక్కడ తలుపు తెరచుకొన్న పిదపనే ఇక్కడ రీసెట్టు చేయవలెను. విత్తనము చల్లుటకు ముందు గుప్పెడు తీసి మొలక చూచుట మనకు క్రొత్త గాదు. కొట్టువారు “ఏమీ కాదండీ, రెండు నిమిషాల పని” అన్నను మొలక చూడనిదే చల్లనీయరాదు. రీసెట్టు తరువాత వాట్సాప్ పాత సంభాషణలు మరల రావలెనన్నను ఆ ఖాతాలో భద్రపరచి యుండవలెను. యు.పి.ఐ. యాప్‌లను మీ సిమ్ము ఉన్న ఫోనులో మరల నమోదు చేసికొనవలసి వచ్చును.

గ్రామ వ్యవసాయ సహాయకులకును, గ్రామ కార్యాలయ సిబ్బందికిని ఒక మనవి. రైతు ఫోనులో యాప్ ఎక్కించు తొందరలో మీ ఖాతానో, మీ నంబరునో వేయకుడు. ఆ దినమున పని సులువగును. మీరు బదిలీయై పోయిన మూడేండ్లకు ఆ రైతు మిమ్ము వెదకుచు తిరుగవలసి వచ్చును. మహిళా రైతుల ఫోనులలో భర్తదో కుమారునిదో ఖాతా ఉన్నచో వారి పేరనే వేరు ఖాతా తెరపించుట మేలు. పది నిమిషములకు మించి పట్టదు.

పాత ఫోను కొనువారు సొమ్ము ఇచ్చుటకు ముందు, అమ్మువాని చేతనే సెట్టింగులలో ఖాతా తీసివేయించి, ఆ దారిననే రీసెట్టు చేయించి, ఫోను పాత ఖాతా అడుగకుండ మొదటి తెరనుండి చివరివరకు పోవునట్లు ఎదుటనే చూడవలెను. అమ్మువారును అట్లే చేసి ఇచ్చుట ధర్మము. ఫోనులో నక్షత్రపు గుర్తు, హ్యాషు గుర్తు, సున్న, ఆరు, హ్యాషు గుర్తు వరుసగా నొక్కినచో 15 అంకెల సంఖ్య తెరమీదికి వచ్చును. కె.వై.ఎం. అను మూడు ఇంగ్లీషు అక్షరములు, ఖాళీ విడిచి ఆ సంఖ్య వ్రాసి 14422కు కబురు పంపినచో ఆ ఫోను వివరములు తిరుగు కబురులో వచ్చును. కేంద్ర ప్రభుత్వము 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీలో కూడ ఇదే చూడవచ్చును; పోయిన ఫోనును ఏ సిమ్ముతోను పనిచేయకుండ నిలుపుదల చేయించుకొను వీలును అందులోనే కలదు. పరిశీలనలో ఆ సంఖ్య నిషిద్ధమైనదని గాని, నకలు అని గాని, ఇదివరకే వేరొకచోట వాడుకలో నున్నదని గాని వచ్చినచో, ధర ఎంత తక్కువైనను ఆ ఫోను కొనరాదు.